బొంగుల అడితిలో పుచ్చు, దాన్ని వేటాడే పెంకుపురుగు: విజయవాడ కేసు

విజయవాడలో ఒక బొంగుల అడితి. సరుకులో ముప్పాతిక వంతు కంక బొంగు, మిగతాది లావుపాటి ముళ్ళవెదురు. వేసవిలో చలువ పందిళ్ళకు, పెళ్ళిపందిళ్ళకు అద్దెకు పోతుంది. తెనాలి, కొల్లిపర వైపు అరటి తోటలకు గెల బరువు ఆపే ఊతకర్రగా అమ్ముడవుతుంది. దసరా ముందు క్యూలైన్ల పందిళ్ళకు మళ్ళీ అద్దెకు లేస్తుంది. అమ్మిన బొంగు పోతే పోయినట్టే. అద్దెకిచ్చింది మాత్రం తిరిగొచ్చి పాత దొంతి మీదే పడుతుంది. ఈ కేసులో చిక్కంతా ఆ తిరిగొచ్చే సరుకుతోనే.

ఏప్రిల్‌లో సలహా కోసం మమ్మల్ని పిలిచిన యజమాని చెప్పిన ఇబ్బందులు మూడు. రాత్రి ఊడ్చిన చోట తెల్లారేసరికి మీగడరంగు నుసి కుప్పలు పడుతున్నాయి. బొంగులు మోసే కూలీలకు మెడ మీద, భుజాల మీద, నడుం చుట్టూ దద్దుర్లు లేస్తున్నాయి. మూడోది ఆయన మాటల్లోనే: "చీమల్లా పరిగెత్తే చారల పురుగులండీ, దొంతి నిండా అవే. తొలిచేది అవే. వాటికి మందు చెప్పండి, చాలు." అప్పటికే సైపర్‌మెత్రిన్ అనే పురుగుమందు రెండు విడతలు దొంతుల మీద కొట్టించి ఉన్నారు. పరిగెత్తేవి చచ్చిపడ్డాయి. నుసి మాత్రం ఆగలేదు.

చచ్చిపడ్డవాటిని ఏరి పది రెట్ల భూతద్దంలో చూస్తే సంగతి తేలిపోయింది. 5 నుంచి 8 మిల్లీమీటర్ల పొడవు, సన్నని ఒళ్ళు, నిక్కబొడిచిన నూగు, రెక్కతొడుగుల మీద అడ్డంగా లేతరంగు పట్టీలు, పెద్ద కళ్ళు, బలమైన దవడలు. ఇది క్లెరిడ్ కుటుంబానికి చెందిన టిల్లోయిడియా నొటాటా. పాత పుస్తకాల్లో టిల్లస్ నొటాటస్ అని కనిపిస్తుంది. ఇది వెదురు తినదు, వెదురు తినే పురుగును తింటుంది. అంటే మందుకు చచ్చింది దొంగ కాదు, కాపలాదారు.

అసలు దొంగను పట్టుకోవడం

పైనుంచి చూస్తే తొలిచే పురుగు కనపడదు. నుసి ఎక్కువగా రాలే బొంగును ఎంచుకుని, నరికిన కొన నుంచి అర మీటరు ముక్క, ఒక కణుపు మధ్యలోకి వచ్చేలా ఇంకో ముక్క కోయించాం. తెల్లకాగితం పరిచి దానిమీద నిలువునా చీరాలి. నేలమీద చీరితే బయటపడ్డ పురుగు నుసిలో కలిసిపోయి దొరకదు. లోపల పీచు వెంబడి నిలువు సొరంగాలు, వాటినిండా గట్టిగా కూరుకుపోయిన మెత్తటి నుసి, మధ్యమధ్య వంకర తిరిగిన తెల్లటి పిల్లపురుగులు కనిపించాయి. పెద్దపురుగు సుమారు 3 మిల్లీమీటర్లు ఉంటుంది. ముదురు గోధుమరంగు, స్తంభంలాంటి గుండ్రటి ఒళ్ళు. తల మెడతొడుగు కిందికి దాగి ఉంటుంది, ఆ తొడుగు ముందంచున రంపపు పళ్ళు, వెనకంచు దగ్గర రెండు చిన్న సొట్టలు. సొట్టలు, కొలత, ఒంటి తీరు కలిపి చూస్తే ఇది డైనోడెరస్ మైన్యుటస్. మిల్లు గోదాముల్లో వడ్లకు పట్టే నుసి పురుగుకు దగ్గరి చుట్టం, ఉపకుటుంబం కూడా ఒకటే.

గుర్తింపులో ఇంకో రెండు పురుగులు తికమక పెడతాయి. బయటికొచ్చిన రంధ్రం ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్లుంటే డైనోడెరస్. అంతకు రెండు మూడు రెట్లు పెద్దదిగా ఉండి, లోపల వెడల్పాటి సొరంగం, కాళ్ళు లేని పొడవాటి పిల్లపురుగు ఉంటే అది క్లోరోఫోరస్ యాన్యులారిస్ అనే పొడవు మీసాల పురుగు. నుసి బదులు మట్టి పూత కనపడితే చెద. ఈ మూడింటికీ వైద్యం వేరు. చెదకు నేలలో మందు వేసి డైనోడెరస్ పోతుందని చూసే అడితులు ఉన్నాయి.

పాత నుసి, కొత్త నుసి తేడా కూడా ముందే తేల్చాలి. దొంతి కింద శుభ్రంగా ఊడ్చి పాత దినపత్రికలు పరిచి మర్నాడు చూస్తే చాలు. కొత్తది మీగడరంగులో, వేళ్ళమధ్య నలిపితే జారిపోయేలా ఉంటుంది. పాతది బూడిదరంగుకు తిరిగి ఉండకడుతుంది. పాత నుసి మాత్రమే ఉన్న దొంతికి ఖర్చు పెట్టడం దండగ. అందులో పిండి పదార్థం అయిపోయి పురుగు వెళ్ళిపోయి ఉంటుంది.

పురుగు ఎందుకొచ్చిందో తెలియాలంటే పిండి పదార్థం సంగతి చూడాలి. డైనోడెరస్‌కు కావాల్సింది వెదురు గోడలో నిల్వ ఉన్న స్టార్చి. కొత్తగా కోసిన ముక్క మీద పలచటి అయోడిన్ రాస్తే స్టార్చి ఉన్నచోట నీలినలుపుగా మారుతుంది. 100 మిల్లీలీటర్ల నీటిలో 2 గ్రాముల పొటాషియం అయోడైడ్ కరిగించి, అందులో 1 గ్రాము అయోడిన్ కలిపితే ద్రావణం తయారు. మందుల షాపులో దొరికే పోవిడోన్ అయోడిన్‌ను నీళ్ళతో పలచన చేసినా రంగు తేలుతుంది. ఈ అడితిలో మూడు లోడ్ల సరుకు ఉంది. మాఘమాసం తర్వాత నరికి తెచ్చిన లోడు నల్లగా మారింది, నుసి కూడా అందులోనే ఎక్కువ. చలికాలంలో నరికిన ముదురు బొంగు రంగు అంతగా పట్టలేదు. చిగురు పెట్టే కాలానికి ముందు వెదురు పిండిని కూడబెడుతుంది, వానల్లో కొత్త మొలకలకు ఖర్చు పెట్టేస్తుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు నరికిన, మూడేళ్ళు దాటిన బొంగుకు పుచ్చు తక్కువగా పట్టడానికి కారణం అదే. అమావాస్య ముందు నరకాలనే మాట అడవిలో నరికేవాళ్ళ నోట ఎప్పుడూ వింటాం. మేం మాత్రం లోడు కొనేటప్పుడు తిథి అడగం, నెల అడుగుతాం, తర్వాత అయోడిన్ రాస్తాం.

మందు ఎందుకు బెడిసికొట్టింది

డైనోడెరస్ ఆడపురుగు నరికిన కొన నుంచో, కొమ్మ తెగిన గాటు నుంచో, గోడ లోపలి వైపు నుంచో దూరుతుంది. వెదురు బయటి తొక్క సిలికా పట్టి గట్టిగా ఉంటుంది కాబట్టి దాని జోలికి తొందరగా పోదు. గుడ్లు పీచు గొట్టాల కొనల్లో పెడుతుంది. పిల్లపురుగు బతుకంతా గోడ లోపలే. మన వేసవి వేడికి గుడ్డు నుంచి పెద్దపురుగు దాకా సుమారు ఏడెనిమిది వారాలు. పైన కొట్టిన మందు వీటిలో దేన్నీ తాకదు, బయట తిరిగే కొద్ది పెద్దపురుగులను తప్ప.

చారల పురుగు, అంటే మన క్లెరిడ్, పనితీరు దీనికి పూర్తిగా తలకిందులు. పెద్దది బొంగు ఉపరితలం మీదే తిరుగుతూ వాలే డైనోడెరస్‌ను పట్టి, తలకూ మెడకూ మధ్య కొరికి, లోపలి మెత్తటి భాగం తిని, రెక్కతొడుగులు పారేస్తుంది. దొంతి మీద గోధుమరంగు ఖాళీ రెక్కతొడుగులు కనిపిస్తే అది దీని పనే. దీని పిల్లపురుగు సొరంగంలో దూరి నుసి తోసుకుంటూ పోయి లోపలి పిల్లలను తింటుంది. చీరినప్పుడు ఇదీ దొరికింది. పొడవాటి ఒళ్ళు, గట్టి గోధుమరంగు తల, తోక చివర రెండు కొమ్ములు. తెల్లగా వంకరగా ముడుచుకున్నది తొలిచేది, నిటారుగా సాగి చురుగ్గా పాకేది వేటాడేది. కూలీలకు ఈ ఒక్క తేడా నేర్పిస్తే చాలు.

ఉపరితలం మీద మందు పడితే ఎక్కువసేపు నడిచేదానికి ఎక్కువ మందు అంటుకుంటుంది. తొలిచేది లోపల క్షేమం, వేటాడేది బయట బలి. పైగా క్లెరిడ్ తరం సాధారణంగా దాని ఆహారపు తరం కంటే నెమ్మదిగా తిరుగుతుంది. ఒకసారి తుడిచిపెట్టాక తిరిగి కోలుకునే లోపు డైనోడెరస్ ఇంకో తరం పెరిగిపోతుంది. ఈ అడితిలో రెండో పిచికారీ తర్వాత నుసి పెరిగిందని యజమాని అనడంలో ఆశ్చర్యం లేదు.

మరి వేటగాడినే నమ్ముకోవచ్చా?

యజమాని వెంటనే వేసిన ప్రశ్న ఇది. "అయితే ఆ చారల పురుగుల్నే పెంచి వదిలేద్దామండీ, మందు ఖర్చు తప్పుతుంది." పత్తిచేలో అక్షింతల పురుగును చూసిన ఊళ్ళో ఇలా అడగడం సహజం. జవాబు చెప్పాలంటే, వేటాడే పెంకుపురుగులు ఎక్కడ గెలిచాయో, ఎక్కడ తడబడ్డాయో చూడాలి.

బాగా గెలిచిన ఉదాహరణ చలిదేశాల్లో పెరిగే స్ప్రూస్ చెట్ల అడవుల్లోది. డెండ్రాక్టోనస్ మైకాన్స్ అనే బెరడు పురుగు పిల్లలు బెరడు కింద ఒక్కచోట గుంపుగా, పక్కపక్కనే ఆనుకుని తింటాయి. వాటి నుసి వాసన పట్టి రైజోఫేగస్ గ్రాండిస్ అనే చిన్న పెంకుపురుగు వెతుక్కుంటూ వస్తుంది, అక్కడే గుడ్లు పెడుతుంది, గుంపు మొత్తాన్ని దాని పిల్లలు ఊడ్చేస్తాయి. కాకసస్ ప్రాంతంలోని జార్జియాలో 1963 నుంచి దీన్ని పెంచి అడవుల్లోకి వదిలారు. బ్రిటన్‌లో డెండ్రాక్టోనస్ 1982లో బయటపడితే, బెల్జియం నుంచి తెచ్చిన రైజోఫేగస్‌ను 1984 నుంచి వదలడం మొదలుపెట్టారు. గెలుపుకు కారణాలు స్పష్టం. వేట ఒక్కచోట కదలకుండా ఉంటుంది, నెమ్మదిగా పెరుగుతుంది. వేటగాడికి ఇంకో ఆహారం అక్కర్లేదు. చెట్టు నెలల తరబడి అక్కడే నిలబడి ఉంటుంది.

మన చారల పురుగు కుటుంబంలోనిదే యూరప్‌లోని థానాసిమస్ ఫార్మికేరియస్. ఇప్స్ టైపోగ్రాఫస్ అనే బెరడు పురుగులు ఒకదాన్నొకటి పిలుచుకునే వాసనలనే పట్టుకుని ఇది చెట్టు మీదికి చేరుతుంది. తిండిపోతే అయినా దానికో బలహీనత ఉంది. ప్యూపా దశకు మందపాటి బెరడు కావాలి. పైన్ చెట్టు మీద చోటు దొరుకుతుంది, పలచటి బెరడున్న స్ప్రూస్ మీద దొరకదు. వేట పుష్కలంగా ఉన్నా నిలవనీడ లేకపోతే సంతతి నిలవదు.

మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ ఆఫ్రికాది. డైనోడెరస్‌కు చుట్టమే అయిన ప్రోస్టెఫానస్ ట్రంకేటస్ మధ్య అమెరికా నుంచి చేరి మొక్కజొన్న గాదెలను పిండి చేసింది. దాని సొంతగడ్డ నుంచి టెరెట్రియస్ నైగ్రెసెన్స్ అనే హిస్టెరిడ్ కుటుంబానికి చెందిన, రెండు మిల్లీమీటర్ల నల్లటి వేట పెంకుపురుగును తెచ్చి 1991లో టోగోలో వదిలారు. ఒళ్ళు గుండ్రంగా ఉండడం వల్ల అది పెద్దయ్యాక కూడా వేట సొరంగంలోకి దూరగలదు. అడవిలో ఎండుకట్టెల్లో బతికే పురుగు మీద బాగానే పనిచేసింది. రైతు గాదెలో ఫలితం ఒక్కోచోట ఒక్కోలా వచ్చింది. గాదెలో ధాన్యం కొద్ది నెలలే ఉంటుంది, ఏటా తీసి మళ్ళీ నింపుతారు. వేటగాడు స్థిరపడే లోపు ఇల్లే ఖాళీ.

అడితి అడవి కంటే గాదెకే దగ్గర. బొంగు కొన్ని వారాలే దొంతిలో ఉంటుంది. క్లెరిడ్ పిల్లలు లోపల ఉండగానే ఆ బొంగు కొల్లిపర అరటితోటకు అమ్ముడైపోతుంది. ఇంకో పెద్ద తేడా: అడవిలో ఒక చెట్టు పోయినా మిగతావి బతికితే గెలుపే. అడితిలో పది రంధ్రాలు పడ్డ బొంగు అద్దెకు పనికిరాదు. వేటగాడు వచ్చేది వేట పెరిగాకే, అప్పటికే సరుకు పోయి ఉంటుంది. అందుకని పెంచి వదలడం అనే ఆలోచన పక్కన పెట్టించాం.

పెంచాలన్నా తేలిక కాదు. పండుఈగల పరాన్నజీవుల కోసం వాడే గుడారం పద్ధతి ఒకటుంది. పుచ్చిన పండ్లను సన్నటి వల గుడారంలో పెడితే చిన్నదైన పరాన్నజీవి వల సందులోంచి బయటికి పోతుంది, పెద్దదైన ఈగ లోపలే చస్తుంది. ఇక్కడ కొలతలు తిరగబడ్డాయి. వేటాడే క్లెరిడ్ లావు, తొలిచే డైనోడెరస్ సన్నం. క్లెరిడ్ పట్టే ఏ సందులోంచైనా డైనోడెరస్ ముందే జారిపోతుంది. పుచ్చు బొంగులను పీపాలో మూసి, బయటికొచ్చిన క్లెరిడ్‌లను ఒక్కొక్కటిగా చేత్తో ఏరడమే దారి. ఏరినవాటిని ఒకే సీసాలో వేస్తే ఒకదాన్నొకటి తింటాయి, ఒక్కోదానికి ఒక్కో సీసా కావాలి. పరిశోధనకైతే సరే, వ్యాపారానికి ఈ లెక్క కుదరదు.

అడవిలో పురుగును రప్పించి పట్టడానికి దుంగలు పడేసే ఎర దుంగల పద్ధతి చూసి, ఒక పుచ్చు దొంతిని వేటగాళ్ళ నిలయంగా అలాగే ఉంచుదామని కూడా అనిపించవచ్చు. ఎర దుంగను కూడా పురుగు బయటికి ఎగరక ముందే తీసేయాలి, ఒక్క వారం ఆలస్యమైతే అది ఎర కాదు, పెంపకం. పది గజాల దూరంలో మంచి సరుకు ఉన్న అడితిలో ఆ పందెం కాయకూడదు.

వేటగాడిని వాడుకున్న తీరు

వేటగాడిని చంపని వైద్యం ఎంచుకోవడం, వేటగాడు గుమిగూడిన చోటును ఆనవాలుగా వాడుకోవడం, ఈ రెండే చేశాం. క్లెరిడ్ తన వేట వాసన ఉన్నచోటికే చేరుతుంది. నుసి కింద కనిపించే లోపే, దొంతి మధ్యలో పుచ్చు మొదలైన బొంగు మీద అవి తిరుగుతుంటాయి. పొద్దున్నే టార్చి వేసుకుని దొంతుల చుట్టూ తిరిగి, చారల పురుగులు, ఖాళీ రెక్కతొడుగులు ఉన్న బొంగుకు సుద్దముక్కతో గీత పెట్టించడం మేస్త్రీకి అప్పగించాం. గీత పడ్డవి విడిగా పోవాలి. నుసి చూసి ఏరడం కంటే ఇది ముందుగా పట్టిస్తుంది.

ఇక వైద్యం. గీతపడ్డవాటిలో మరీ పుచ్చినవి వంటచెరకుగా అదే రోజు పోవాలి, మూలన పోగేసి ఉంచితే ఏమీ చేయనట్టే. నిలబడేలా ఉన్నవాటికి వేడి వైద్యం. కంకర నేలమీద నల్ల టార్పాలిన్ పరిచి, బొంగులు రెండు వరుసలకు మించకుండా పేర్చి, పైన పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు కప్పి, అంచుల మీద ఇసుక బస్తాలు పెట్టాలి. మే ఎండ దీనికి సరిపోతుంది. కొలత మాత్రం గాలిలో తీయకూడదు. అడుగు వరుసలో అన్నిటికంటే లావుపాటి బొంగు మొదట్లో సన్నటి బెజ్జం వేసి, గోడ మధ్యలోకి థర్మామీటరు పుల్ల దూర్చి చూడాలి. అక్కడ 56 డిగ్రీలు కనీసం అరగంట నిలవాలి. కలప ప్యాకింగుకు అంతర్జాతీయంగా పెట్టుకున్న హద్దు కూడా అదే. మేం గంటసేపు ఉంచమన్నాం. వేడికి లోపలి క్లెరిడ్ పిల్లలు కూడా చస్తాయి, గీతపడ్డ బొంగుల వరకు ఆ నష్టం ఒప్పుకున్నదే.

మొదటి విడతలో కొనల దగ్గర పురుగు బతికింది. కొనలు పగులుతాయని కూలీలు తడి గోనెలు చుట్టారు. తడిగోనె కింద కొన చల్లగా ఉండిపోయింది, డైనోడెరస్ ఎక్కువగా ఉండేది సరిగ్గా అక్కడే. పగుళ్ళు పడకూడదంటే గోనె బదులు కొన నుంచి ఒక జానెడు కింద జీఐ తీగ బిగించి కట్టాలి.

పుచ్చు పట్టని సరుకుకు నానబెట్టడం. ఏరు, కాలువ ఉన్న ఊళ్ళలో బొంగును నీళ్ళలో పడేయడం ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. నాలుగు నుంచి పన్నెండు వారాల్లో స్టార్చి, చక్కెరలు కరిగి, పులిసి పోతాయి. విజయవాడలో దీనికొచ్చే అడ్డంకి కాలువలు వేసవిలో కట్టేయడం. పుచ్చు ఉధృతంగా ఉండేది కూడా అప్పుడే. అందుకే అడితిలోనే 22 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, 3 అడుగుల లోతు గొయ్యి తవ్వి సిల్పాలిన్ షీటు పరిపించాం. సుమారు 7,500 లీటర్లు పడుతుంది. బొంగు తేలుతుంది, పైన రాళ్ళు పెట్టకపోతే పై వరుస నానదు. వారానికొకసారి నీళ్ళు మార్చాలి. వాసన వస్తుంది, పక్కింటివాళ్ళతో మాట వస్తుంది, బొంగు రంగు కాస్త మందగిస్తుంది. అయినా ఖర్చు తక్కువ, మందు లేదు, తోటలకు అమ్మే బొంగుకు ఇంతకు మించింది అక్కర్లేదు. పూర్తయిందా లేదా అనేది మళ్ళీ అయోడిన్ రాసి తేల్చుకోవాలి, వారాలు లెక్కపెట్టి కాదు.

అద్దె సరుకుకు ఇంకో మెట్టు, బోరాన్ ద్రావణం. బోరాక్స్ మూడు పాళ్ళు, బోరిక్ యాసిడ్ రెండు పాళ్ళు. ఈ నిష్పత్తి ఊరికే పెట్టింది కాదు. రెండూ కలిసి నీటిలో విడివిడిగా కంటే బాగా కరిగే ఆక్టాబోరేట్‌గా మారడానికి కావాల్సిన పాళ్ళు అవే. 5 శాతం ద్రావణానికి ప్రతి వంద లీటర్లకు బోరాక్స్ 3 కిలోలు, బోరిక్ యాసిడ్ 2 కిలోలు. 3,000 లీటర్ల తొట్టెకు 90, 60 కిలోలు. ముందు ఒక డ్రమ్ములో నీళ్ళు బాగా కాచి పొడి అందులో కరిగించి, తర్వాత తొట్టెలో పోయాలి. చన్నీళ్ళలో నేరుగా గుమ్మరిస్తే అడుగున పేరుకుపోయి, పైన ద్రావణం పలచగా మిగులుతుంది. తొట్టెలో దించే ముందు ముళ్ళవెదురు కణుపుల లోపలి పొరలను 12 మిల్లీమీటర్ల ఇనుప చువ్వతో పొడిచి దారి చేయాలి. బయటి తొక్క ఎలాగూ పీల్చదు, ద్రావణం ఎక్కేది లోపలి గోడ నుంచే. పది నుంచి పద్నాలుగు రోజులు మునిగి ఉండాలి. తీశాక వెంటనే ఎండలో పెట్టకూడదు, వారం రోజులు కప్పి ఉంచితే ద్రావణం గోడలో సమంగా పాకుతుంది, తర్వాత నీడలో నిలబెట్టి ఆరబెట్టాలి. వెదురు పరిరక్షణకు భారత ప్రమాణం ఐఎస్ 9096 ఉంది, కాంట్రాక్టు పనులకు బొంగు సరఫరా చేసేవాళ్ళు దాన్ని చదివి పెట్టుకోవాలి.

బోరాన్‌ను ఎంచుకోవడానికి అసలు కారణం అది కడుపులోకి పోతేనే పనిచేయడం. వెదురు తిన్నది చస్తుంది, వెదురు మీద నడిచేది చావదు. సైపర్‌మెత్రిన్ చేసిన పనికి ఇది పూర్తిగా విరుద్ధం.

తొట్టెలో తరచూ జరిగే తప్పు తగ్గిన ద్రావణాన్ని ఉత్త నీళ్ళతో నింపడం. మూడు నాలుగు విడతలకు అది 5 శాతం నుంచి ఎక్కడికో దిగిపోతుంది, బొంగు మాత్రం మందు పట్టినట్టే కనిపిస్తుంది. తగ్గినంత మేర 5 శాతం ద్రావణమే కలిపి పోయాలి.

కంక బొంగు దగ్గర ఫలితం సగమే వచ్చింది. అది దాదాపు గట్టి బొంగు, లోపల బోలు లేదు, చువ్వ దూర్చే దారి లేదు. ద్రావణం కొనల నుంచి కొద్ది దూరమే ఎక్కుతుంది. మొదలు వైపు లావుభాగంలో వానాకాలం నాటికి కొత్త నుసి మళ్ళీ కనపడింది. అదే తొట్టెలో మునిగిన ముళ్ళవెదురు దొంతి కింద కాగితం శుభ్రంగా ఉంది. పచ్చిగా ఉన్నప్పుడు, నరికిన రోజే మొదలు ద్రావణంలో నిలబెడితే ఆకులు లాగే నీటితోపాటు మందు ఎక్కుతుంది, కానీ అది అడవి దగ్గర చేయాల్సిన పని. విజయవాడకు వచ్చేసరికి బొంగు ఎండిపోయి ఉంటుంది. కాబట్టి కంకకు మా సలహా మారింది: చలికాలపు నరుకుడు లోడే కొనాలి, అయోడిన్ రంగు ఎక్కువగా పడితే బేరం ఆపాలి, నానబెట్టి త్వరగా అమ్మేయాలి, అద్దెకు ఉంచకూడదు.

అద్దె నుంచి తిరిగొచ్చిన సరుకు గేటు పక్కన విడి చోటులోనే దిగాలి. కాగితం పరీక్ష అయ్యేదాకా పాత దొంతి మీదికి పోకూడదు. పందిరి వేసేవాళ్ళు పొడవు సరిచేయడానికి కొన నరికితే మందు పట్టని కొత్త గోడ తెరుచుకుంటుంది, డైనోడెరస్‌కు అంతకంటే మంచి గుమ్మం లేదు. నరికిన ప్రతి కొనకూ వేడి తారు పూయించాలి. మేకులు కొట్టకుండా కొబ్బరి తాడుతో కట్టమని అద్దె కాగితంలో రాయించడం వల్ల కొంత ఫలితం కనిపించింది.

దద్దుర్ల సంగతి

కూలీలు దీన్ని వెదురు నూగు అనుకున్నారు. నూగు గుచ్చుకుంటే అరచేతుల్లో, వేళ్ళ సందుల్లో మంట ఉంటుంది. ఇక్కడ దద్దుర్లు చొక్కా కింద, నడుం పట్టీ దగ్గర, ఒక్కోదాని మధ్య చిన్న నీటిపొక్కుతో ఉన్నాయి. పుచ్చు బొంగులో పురుగు పిల్లలను తినే పైమోటిస్ అనే సూక్ష్మమైన నల్లి (మైట్, మంచంలో ఉండే నల్లి కాదు) ఇలా కుడుతుంది. కంటికి ఆనేంత పెద్దది కాదు, గర్భంతో ఉన్న ఆడది మాత్రం సన్నని పూసలా ఉబ్బి భూతద్దంలో కనిపిస్తుంది. రెక్కల్లేని చీమలాంటి స్క్లెరోడెర్మస్ అనే చిన్న కందిరీగ కూడా ఇలాంటి దొంతుల్లో ఉంటుంది, అది కుడితే చురుక్కుమంటుంది. రెండూ డైనోడెరస్ శత్రువులే. వేటగాళ్ళన్నీ మనిషికి మిత్రులనుకోవడానికి లేదు. వీటికి విడిగా మందు కొట్టనక్కర్లేదు, పుచ్చు తగ్గితే తిండి లేక అవీ తగ్గుతాయి. అప్పటిదాకా పూర్తి చేతుల చొక్కా, భుజం మీద మడతపెట్టిన గోనె, పని కాగానే స్నానం, బట్టలు వేడినీళ్ళలో ఉతకడం. పొక్కులు చీము పట్టినా, జ్వరం వచ్చినా డాక్టరుకు చూపించాలి. దొంతికి పొగ పెడదాం, అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళలు వేద్దాం అనే సలహాలు కూడా వచ్చాయి. దానికి అనుమతి ఉన్న సంస్థ పర్యవేక్షణ తప్పనిసరి. ఇళ్ళ మధ్య ఉన్న తెరిచిన అడితిలో ఆ బిళ్ళల నుంచి వచ్చే వాయువు ప్రాణాలు తీస్తుంది.

తొట్టె ఖాళీ చేయడం, బొంగుకు గుర్తు

వాడిన బోరాన్ ద్రావణాన్ని కాలువలో, డ్రెయిన్‌లో వదలకూడదు. 5 శాతం ద్రావణంలో లీటరుకు దాదాపు 7 గ్రాముల బోరాన్ ఉంటుంది. సున్నితమైన పంటలకు సాగునీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటితే చాలు, ఆకు అంచులు మాడడం మొదలవుతుంది. మురికి అడుగున దిగాక పైతేటను వడకట్టి తర్వాతి విడతకు వాడాలి. అడుగు బురదను ప్లాస్టిక్ షీటు మీద ఆరబెట్టి, ఆ ఎండుపొడిని కొత్త విడత కాచే డ్రమ్ములోనే తిరిగి కలపాలి.

బోరాన్ పట్టిన బొంగు నేలలో పాతితే వానకు, తడికి మందు కరిగి మట్టిలోకి దిగుతుంది, బొంగుకు రక్షణా పోతుంది. కాబట్టి అరటి ఊతకర్రకు, తమలపాకు తోటకు నానబెట్టిన బొంగే అమ్మాలి. తేడా తెలియడానికి బోరాన్ సరుకు మొదలు నుంచి రెండడుగుల పైన నీలం రంగు పట్టీ, నానబెట్టిన దానికి తెలుపు పట్టీ వేయించాం. పట్టీ లేని బొంగు అంటే ఇంకా పరీక్ష కానిది, గేటు దాటకూడదు. రంగు డబ్బా, కుంచె, అయోడిన్ సీసా, సుద్దముక్క, భూతద్దం ఒకే పెట్టెలో పెట్టి లోడు దిగే చోట ఉంచాలి. ఆఫీసు గదిలో పెడితే ఎవరూ లోపలికి వెళ్ళి తెచ్చుకోరు.